కీపర్ పిడికిట్లో రాయి

మేము రాయి విసరలేదు. విసిరామని మొన్న మా హాకీ జట్టు వాళ్ళు పెద్ద తెర మీద సినిమా వేసి మరీ చెప్పారు. తొలి ఏళ్ళలో అభిమానులు విసిరిన రాయి తగిలి మన గోల్‌కీపర్ కన్ను పోయిందని ఒక ఆడగొంతు, వెనకాల వేణువు మోగుతుండగా, మెత్తగా చెప్పింది. ఆ తొలి ఏళ్ళ అభిమానులను సన్మానిస్తామని పిలిచి, శాలువాలు కప్పి, ముందు వరసలో కూర్చోబెట్టి వినిపించిన మాట ఇది. నేను శాలువా తీసి కుర్చీ మీద పడేసి లేచాను.

బడికి పోయినవాణ్ణి కాను. బోయిన్‌పల్లి మార్కెట్లో మూటలు మోస్తూ, ఉల్లిగడ్డల కింద పరిచిన పాత పేపర్ల మీద అక్షరాలు ఏరుకున్నవాణ్ణి. నా రాతలో తప్పులుంటే ఉండనీ, నా చూపులో తప్పు లేదనే ధైర్యంతో బతికాను.

మైకు పట్టుకున్న అమ్మాయి దగ్గరికి పోయి అడిగాను. "ఏందమ్మా ఇది? మేము రాయి కొట్టినమని ఎవరు చెప్పిండ్రు మీకు?"

"పరేషాన్ కాకండి అంకుల్. కీపర్ సాబే చెప్పిండు. పోయిన నెల కాప్రాల వాళ్ళింటికి పోయి మేమే రికార్డ్ చేసినం. కావాలంటే వినిపిస్త."

వద్దన్నాను. కీపర్ అబద్ధమాడే మనిషి కాడు. మరి ఇన్నేళ్ళుగా నా కళ్ళ ముందు ఆడుతున్న, నేల మీంచి ఎగిరి లేచిన ఆ బంతి ఏమిటి? అది నేను చూసిందా, చూశానని నాకు నేనే చెప్పుకున్నదా? మందిలో ఎవడో నిజంగానే విసిరితే, తెలియక ఇన్నాళ్ళూ వాడి పక్కనే కూర్చుని చాయ్ తాగానా?

జీతాలిచ్చి హాకీ ఆడించే జట్టు మా సికింద్రాబాద్‌లో అదే మొదటిది. ఇప్పుడు పచ్చటి చాప పరిచినట్టు గ్రౌండు, దాని మీద నీళ్ళు చిమ్మే మిషన్లు. అప్పుడు ఉన్నది ఎర్ర మొరం. కాలికి గుచ్చుకునే మొరంలో రాళ్ళు ఎన్ని ఏరినా వాన పడితే మళ్ళీ పైకి లేచేవి. అందుకని మ్యాచ్‌కు ముందు మేమంతా, మార్కెట్ హమాలీలం, దర్జీలు, రైల్వే వాళ్ళు, ఈ గీత నుంచి ఆ గీత దాకా ఒకరి పక్కన ఒకరం వరసకట్టి, నడుములు వంచి, రాళ్ళేరుతూ పోయేవాళ్ళం. ఏరినవి తువ్వాలలో వేసుకుని గేటు బయట కుప్ప పోసేవాళ్ళం. ఎవరూ చెప్పలేదు, ఎవరూ చేయించలేదు. మా జట్టు, మా నేల, అంతే. నాటు వేసే ఆడవాళ్ళు కూడా అంత సక్కగా వంగరని ఎదుటి జట్టు వాళ్ళు నవ్వేవారు.

ఎవరి చాలు, అంటే రాళ్ళేరే వరస, వాళ్ళకుండేది. గోల్ ముందు సున్నంతో గీసే అర్ధచంద్రాన్ని 'డీ' అంటారు. ఆ డీ మాత్రం కీపర్ తండ్రిది. రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన. సీసా అడుగుల్లాంటి అద్దాలు పెట్టుకుని, "నా కొడుకు కాళ్ళ ముందర నేనే ఏరుత. ఎవ్వడు రావొద్దు" అని మోకాళ్ళ మీద కూర్చునేవాడు. మాలాగా కంటితో వెతికి ఏరేవాడు కాడు. అరచేత్తో నేలంతా నిమిరేవాడు. కొడుకంటే అంత ప్రాణమని మురిసిపోయేవాళ్ళం. ఆట సగమయ్యాక జట్లు వైపులు మార్చుకుంటాయి గనుక విరామంలో ఆ కొసకు పోయి అక్కడి డీ కూడా నిమిరి వచ్చేవాడు. పెద్దాయన చేసిన చోట మళ్ళీ చెయ్యి పెట్టడమంటే ఆయన్ని అవమానించడమే. ఎవరమూ పెట్టలేదు.

ఆ రోజు రెండో సగం. ఎండ వాలి మొరం మీద నీడలు సాగుతున్నాయి. ఎదుటి జట్టుకు పెనాల్టీ కార్నర్, అంటే డీ అంచు నుంచి గోల్‌కు కొట్టే అవకాశం, దొరికింది. అప్పటి కీపర్లకు తలకు టోపీ లేదు, మొహానికి జాలీ లేదు. కాళ్ళకు ప్యాడ్లు, చేతిలో కర్ర, అంతే. కొట్టినవాడి బంతి నేలబారుగా వచ్చింది. నేను గోల్ పక్కనే, జనం లోపలికి రాకుండా కట్టిన తాడు పట్టుకుని ఉన్నాను. బంతి కీపర్‌కు మూరెడు దూరంలో ఉన్నట్టుండి పాము పడగెత్తినట్టు లేచింది.

ఆయన కూలిపోయాడు. తండ్రి అద్దాలు జారిపోతుంటే చేతులు ముందుకు చాపి ఉరికాడు. కీపర్ ఒక చెయ్యి కంటి మీద పెట్టుకుని, రెండో చేత్తో నేల తడిమి లేచి కూర్చున్నాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు. రెండో పిడికిట్లో ఒక రాయి.

"ఎక్కడిది రాయి? ఎవడు కొట్టిండు?" జట్టు మేనేజరు అరిచాడు.

కీపర్ చెయ్యి లేచింది. మా వైపు చూపించింది.

ఆ చెయ్యి ఇప్పటికీ అన్నం తింటుంటే కూడా కనబడుతుంది. పోలీసులు లాఠీలతో వచ్చి మమ్మల్ని గేటు బయటికి తోశారు, మేమే కుప్ప పోసిన రాళ్ళ మీద పడ్డాం. ఆ కుప్పనే సాక్ష్యమన్నారు. ఆసుపత్రి గడప తొక్కనివ్వలేదు. తర్వాతి మ్యాచ్‌కు గ్రౌండు చుట్టూ ఇనుప జాలీ లేచింది, మా రాళ్ళేరుడు బందైంది. పెద్దాయన ఒక్కసారి ఆ జాలీ దాకా వచ్చి, అవతల నిలబడి, "నా కొడుకు ముందర నేను గింజంత రాయి సుత ఉంచలే. మీరు కొట్టిండ్రు" అన్నాడు. ఉమ్మేస్తాడేమోనని మొహం తిప్పుకున్నాను. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

ఇన్నేళ్ళూ కీపర్ ఇంటికి ఎందుకు పోలేదని మీరడగొచ్చు. భయం. ఆయన మొహం మీద మూతబడ్డ కన్ను చూడాలంటే భయం, తెరిచిన కన్ను నన్ను చూస్తుందంటే ఇంకా భయం. సినిమా చూపించిన తర్వాత పోకుండా ఉండటానికి అంతకంటే భయమేసింది. నేరేడ్‌మెట్‌లో ఉండే నా పాత దోస్తు, అప్పట్లో నా పక్క చాలు ఏరిన దర్జీ, ఆటో మాట్లాడుకుని వచ్చాడు.

"ఏంది, గింత తయారైనవు? పెండ్లిచూపులకు పోతున్నవా?"

"నోర్మూసుకో. నువ్వు సుత చూసినవా లేదా బంతి లేసుడు?"

"చూసిన."

"కసమ్? ఒట్టేనా?"

"చూసిననే అనుకున్న. ఇప్పుడు నువ్వు గిట్ల అడుగుతుంటే నాకు సుత డౌట్ కొడుతుంది." ఆ మాటతో ఉన్న కాస్త ధైర్యం పోయింది.

కాప్రా చెరువు దగ్గర చిన్న ఇల్లు. తలుపు కీపరే తీశాడు. జుట్టంతా తెల్లబడింది. గుర్తుపడతాడా అనుకునేలోపే, "తాడు పక్కన నిలబడేటోళ్ళు గదా మీరు, రాండ్రి" అన్నాడు. గోడ మీద శిలువ, దాని కింద సీసా అడుగుల అద్దాలతో పెద్దాయన ఫోటో. కీపర్ భార్య చాయ్ తెచ్చింది. నేను కప్పు కింద పెట్టేశాను.

"జెర చాయ్ తాగన్నా. భయపడ్తున్నవేంది?" అన్నాడు కీపర్.

తాగలేదు. ఇంటి దగ్గర ఎన్నో మాటలు కూర్చుకుని పోయాను. మా పేరు చెడిందని, లాఠీలు తిన్నామని, జాలీ వెనక నిలబడ్డామని. అవన్నీ వదిలేసి ఒక్కటే అడిగాను.

"కీపర్ సాబ్, ఒక్క మాట చెప్పు. నీ కన్ను పోయింది మా చేతులతోనేనా?"

ఆయన ఫోటో వైపు చూశాడు. లేచి వీధి తలుపు దగ్గరికి వేశాడు, ఎవరో వింటారన్నట్టు. తిరిగి వచ్చి నా ఎదురుగా కాదు, పక్కన కూర్చున్నాడు.

"మీరు కొట్టలే అన్నా. రాయి నా ముందట నేలలనే ఉండె, నాయన నిమిరిన డీలనే. బాల్ దాని మీదికెళ్ళి ఎగిరింది. నాయన ఉరికొస్తుండె. వచ్చినంక నేల తడుముతడు, ఆయనకు కండ్లు ఎప్పుడో పోయినయి, అరచెయ్యే చూపు, ఇంట్ల మాకు తప్ప ఎవ్వరికి తెల్వది. ఆయన చేతికి దొరకకముందే నేను తీస్కున్న. ఎవడు కొట్టిండు అని అడిగిండ్రు. ఏమన్నా చెప్పాలె గదా, మీ దిక్కు చెయ్యి చూపిచ్చిన. నాయన పోయినంక సుత ఆయన మీద మాట రావొద్దని గదే చెప్పుకొచ్చిన. మీరు అంతమంది ఉంటిరి, ఆ తప్పు తలా కొంచెం మోస్తరనుకున్న. ఆయన ఒక్కడు."