వాసన చూసేవాణ్ణి

ఏళ్లుగా నా కుడి పిడికిలి నాకే బరువు. అన్నం కలుపుతున్నా, ఎవరికైనా దండం పెడుతున్నా అదే గుర్తొస్తుంది. బడి తొందరగా మానేశాను గానీ, నవ్వించడం మానలేదు. ఈ ఒక్క ముచ్చటలో మాత్రం నవ్వు దొరకలేదు. మీకు చెబుతాను.

తాగుడు మానాలనుకున్న కుర్రాళ్లం కోరుట్లలో ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. వంతులేసుకుని వండుకోవాలి. పగలు పనికి పోవాలి. తిరిగొచ్చినవాడు గుమ్మంలో నోరు తెరవాలి. మాలోనే ఒకడు వాసన చూడాలి, తాగినట్టు తేలినవాణ్ణి గెంటేయాలి. ఆ పని నాకిచ్చారు. నేను చూస్తే ఎవరికీ అవమానం అనిపించదట. "ఏం బావా, పొద్దుగాల పండ్లు తోముకోలేదా?" అంటే అందరూ నవ్వేవాళ్లు. మరి నా నోరు ఎవరు చూస్తారు? ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది.

ఆ రోజు కూరగాయలకని జగిత్యాల వెళ్లి కల్లు తాగాను. సోంపు నమిలి, అందరికన్నా ముందే వచ్చి గుమ్మంలో నిలబడ్డాను. అందరూ లోపలికి చేరాక ఇల్లు నడిపే పెద్దాయన ముక్కు ఎగబీల్చాడు.

"ఎవడో తాగిండు. అందరు వరుసల నిలవడుర్రి. అరేయ్, మంచిగ చూసి చెప్పు."

వరుసలో నా ఎదురుగా రాజేశం. సిరిసిల్లలో సాంచాల మీద గుడ్డ నేసేవాడు. ఇక్కణ్ణుంచి కూడా గెంటేస్తే గడప తొక్కనివ్వనని భార్య చెప్పి పంపింది. అది నాకు తెలుసు. తెలిసే నోటి దగ్గర ముక్కు పెట్టాను. తెలిసే వేలు చూపించాను.

వాడు మెల్లగా అన్నాడు: "అన్నా, వాసన నీ నోట్లకెల్లి అస్తున్నది గదనే."

పక్కవాడు వినేలోపే మూతి మీద గుద్దాను. పళ్లు నా పిడికిట్లో దిగాయి. మళ్లీ నోరు తెరవబోయాడు. మళ్లీ గుద్దాను. నెత్తురు చూసి మిగతావాళ్లూ మీద పడ్డారు. ఒకడు మంచం కోడు అందుకున్నాడు. ఎవడి మీద వాడికున్న అసహ్యమంతా రాజేశం మీద తీర్చుకున్నారు. దవడ పక్కకు జరిగింది. చివరికి "ఇగ చాలు" అన్నది నేనే. ఆపినందుకు నన్ను మెచ్చుకున్నారు!

భయంతో కొట్టానా? లేక, అందరినీ నవ్విస్తూ ఎవరికీ దొరకకుండా తిరిగే నన్ను, నిన్న మొన్న వచ్చిన వాడొకడు ఒక్క శ్వాసలో పట్టేశాడన్న కోపంతోనా? మొదటి దెబ్బ భయం కావచ్చు. రెండోది?

చాలాకాలానికి సిరిసిల్ల బస్టాండులో కనబడ్డాడు. తాగి ఉన్నాడు. దవడ వంకరగానే అతుక్కుంది. నన్ను చూడగానే అరచేత్తో నోరు మూసుకున్నాడు.

నేను వెళ్లి బస్సెక్కాను.

ఆ తర్వాత మళ్లీ తాగలేదు. ఎవరైనా శభాష్ అంటే కుడి చెయ్యి జేబులో దాచుకుంటాను. రాజేశం ముందు నిలబడే ధైర్యం ఇంకా లేదు, వస్తుందని మాటివ్వను.

ఆ రోజు తాగింది రాజేశం కాదు. నేను. ఇంతే. ఇది రాశాక వేళ్లు కాస్త విప్పగలుగుతున్నాను.