‘లేదండి’ అని చెప్పలేక

నిండు సభలో ఒక మంత్రిచేత మూడు గ్లాసుల మంచినీళ్ళు తాగించినవాణ్ణి నేను. ఒక్క ప్రశ్నతో. నేను లేచాను, అడిగాను, ఆయన నుదుట చెమట పట్టింది. పక్క మంత్రి ఏవో కాగితాలు అందించాడు, అవీ పనికి రాలేదు. సభాపతి నా వైపు చూసి కళ్ళతోనే మెచ్చుకున్నాడు. ప్రతిపక్షంవాళ్ళు కూడా నాకోసం బల్లలు చరిచారు.

ఈ కథ గోదావరికి అటూ ఇటూ చాలామంది విన్నారు. పెళ్ళిళ్ళలో చెప్పాను. కొవ్వూరు స్టేషన్లో రైలు ఆలస్యమైతే పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియనివాళ్ళకి చెప్పాను. పళ్ళ డాక్టరు నా నోట్లో పట్టకారు పెట్టి ఉండగా కూడా ఒకసారి మొదలుపెట్టబోయాను.

మీకు మాత్రం ఇంకో సంగతి చెప్పాలి. ఆ పూట నేను సభలో లేను.

రాసేశాను. ఇన్నేళ్ళుగా నన్ను సరిగ్గా ఊపిరి తీసుకోనివ్వని సంగతి, కాగితం మీద పెడితే ఇంత చిన్న వాక్యమా? నా పేరు రాయను. సిగ్గుపడి కాదు, సిగ్గు ఎలాగూ ఉంది. పేరు రాస్తే చదవకూడని మనిషి ఒకడు చదువుతాడు. అతని గురించి చెబుతాను.

నేను ఒకే ఒక్కసారి ఎమ్మెల్యేగా గెలిచాను. రాష్ట్రం రెండు కాకముందు, అసెంబ్లీ ఇంకా టీవీలో కనిపించని రోజులు. నా నియోజకవర్గంలో, గోదావరి మధ్య ఒక లంక ఉంది. ఉంది అనాలో, ఉండేది అనాలో. ఒండ్రు మేట వేసి పెరిగిన నేల. అరటి, కొబ్బరి, కూరగాయలు. అక్కడి వంకాయలు రాజమండ్రి మార్కెట్లో గంప దించీ దించకముందే అయిపోయేవి. కానీ వరద వచ్చిన ప్రతి ఏడూ ఏరు ఆ లంకని ఒక పక్కనుంచి తినుకుంటూ వస్తుంది. దాన్ని మేము కోత అంటాం. పడుకునేటప్పుడు ఉన్న కొబ్బరిచెట్టు లేచేసరికి ఉండదు. ఒడ్డు వెంబడి రాతికట్టు వేస్తే ఆగుతుందని వాళ్ళ ఆశ. వాళ్ళు నన్ను అడిగింది అదొక్కటే.

ఓట్లకి వెళ్ళినప్పుడు సూర్రావు అనే అరటి రైతు నన్ను ఒడ్డు అంచుదాకా తీసుకెళ్ళాడు. “ఇక్కడ మా నాన్న పాతిన చెట్లుండేయండి,” అంటూ నీళ్ళలోకి చెయ్యి చూపించాడు. నేను ఆ నీళ్ళ వైపు చూసి తల ఊపాను. అక్కడే మాటిచ్చాను. అసెంబ్లీలో అడుగుతాను, మంత్రిని నిలదీస్తాను, అన్నాను.

ప్రశ్న పంపాను. అది నిజం. ఇందులో అబద్ధం లేదు, నమ్మండి.

అసెంబ్లీలో ప్రశ్న వేయడమంటే అప్పటికప్పుడు లేచి అరవడం కాదు. ముందే రాసి పంపాలి. మంత్రి ఇచ్చే జవాబు ఆ ఉదయానికి అచ్చయి మన చేతికి వస్తుంది. సభాపతి మన పేరు పిలిచినప్పుడు సీట్లో ఉంటే, ఆ జవాబును పట్టుకుని మరికొన్ని ప్రశ్నలు గుచ్చి గుచ్చి అడగొచ్చు. పస అంతా అక్కడే. సీట్లో లేకపోతే తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోతారు.

నా చేతికి వచ్చిన జవాబు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. లంకలో కోత పడుతున్న మాట వాస్తవమేనా? అవునండి. రాతికట్టు నిర్మించే ప్రతిపాదన ఏదైనా ప్రభుత్వం వద్ద ఉన్నదా? లేదండి. ఉన్నచో ఎప్పటికి పూర్తి కాగలదు? ప్రశ్న ఉత్పన్నం కాదు.

ఎంత మర్యాదగా ఉందో చూశారా. ‘లేదు’ కాదు, ‘లేదండి’. ఆ ‘అండి’ చూసి మా జిల్లావాడే రాసి ఉంటాడనుకున్నాను.

లేచి పోట్లాడాలి కదా. ఉన్నదని మీరే ఒప్పుకున్న కోతకి ప్రతిపాదన ఎందుకు లేదు అని అడగాలి కదా. దానికోసమే కదా నన్ను అంత దూరం పంపారు. సభలోకి వెళ్ళబోతుంటే లాబీలో మంత్రి ఎదురై, నా చెయ్యి పట్టుకుని క్యాంటీన్‌కి లాక్కుపోయాడు.

కాదు. ఇది కొట్టెయ్యాలి. లాక్కుపోలేదు. చెయ్యి కూడా పట్టుకోలేదు. ఆయన నాకంటే చిన్నవాడు. నన్ను చూసి నవ్వి, “బాబాయ్ గారూ, ఇవాళ మీ ప్రశ్న మా మీదే కదా,” అన్నాడు. “ఆ కోత సంగతి ఎంత లాగినా నా దగ్గర చెప్పడానికేం లేదండి. ఇంటి నుంచి ఏం తినకుండా వచ్చేశాను. రండి, టిఫిన్ చేద్దాం.” అంతే. అడగొద్దు అనలేదు. ఆశ పెట్టలేదు, బెదిరించలేదు. నన్ను బాబాయ్ అన్నాడు. నేను వెళ్ళాను.

ఆయన ఏదైనా లంచం పెట్టి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. నా తప్పుకి ఒక పేరైనా ఉండేది. అమ్ముడుపోయాడు అంటే జనానికి వెంటనే అర్థమవుతుంది. కానీ ఒక మంత్రి అందరి ముందూ వరస కలిపి పిలిచాడని, ఆయన పక్కన కూర్చుని పెసరట్టు తింటుంటే మిగతా ఎమ్మెల్యేలు చూస్తారని, ఆ చూపుల కోసం ఒక ఊరిని వదిలేసిన మనిషిని ఏమనాలి? నాకు మాట దొరకలేదు. మీకు దొరికితే మీ దగ్గరే ఉంచుకోండి.

క్యాంటీన్ గోడకి ఒక స్పీకరు పెట్టె ఉండేది, సభలో మాట్లాడేదంతా అందులో వినిపించేది. అది మంత్రి కూడా సభలో ఉండాల్సిన సమయమే కదా అని మీరు అడగొచ్చు. ఆయన సగంలో లేచి వెళ్ళిపోయాడు. “మీరు తినండి బాబాయ్ గారూ, తొందరేం లేదు,” అన్నాడు వెళుతూ. నేను తిన్నాను. కాసేపటికి ఆ పెట్టెలోంచి నా పేరు వినిపించింది. ఇంటిపేరుతో సహా. నా వేళ్ళు అల్లం పచ్చడిలో ఉన్నాయి. లేస్తే సమయానికి అందుకోగలను, తలుపు ఎంతో దూరం లేదు. మళ్ళీ పిలిచారు. లేవాలనుకున్నాను. ఎందుకు లేవలేదు? కాళ్ళు రాలేదు అని రాస్తే అందంగా ఉంటుంది. కాళ్ళు బాగానే ఉన్నాయి. “సభ్యులు లేరు,” అన్నారు పెట్టెలో. తర్వాతి ప్రశ్న ఎవరిదో బడుల గురించి. నేను చెయ్యి కడుక్కున్నాను.

నీళ్ళు తాగిన మాట నిజమే. పెసరట్టులో పచ్చిమిరపకాయ తగిలి మంత్రిగారు ఒక గ్లాసు తాగారు. మిగతా రెండూ నేను తర్వాత పోశాను.

ఊరికి తిరిగివచ్చి రేవులో దిగేసరికి లంక జనం నిలబడి ఉన్నారు. ఆడవాళ్ళు కూడా వచ్చారు. సూర్రావు ముందుకొచ్చాడు.

“అడిగేరాండి?”

“అడిగానా! మంత్రి నీళ్ళు తాగాడయ్యా.”

జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వు ఎంత బాగుందో చెప్పలేను.

“ఏవన్నారండి మరి?” అన్నాడు సూర్రావు.

అక్కడ ఒక్క మాట చెప్పాలి. నా జేబులో అచ్చయి ఉన్న మాట. లేదండి. మా వైపు ఆ మాట ఎంత కష్టమో మీకు తెలియనిదా? సంబంధం నచ్చకపోతే కబురు చేస్తాం అంటాం. పిలిచిన పేరంటానికి వెళ్ళలేకపోతే తప్పకుండా వస్తాం అంటాం. మర్యాద అని దానికి పేరు. ఎదురుగా అంతమంది మొహాలు పెట్టుకుని, ఏరు చూస్తుండగా, నేనెలా అంటాను? అనాలి. అదే నా ఉద్యోగం. అనలేకపోయాను.

“చేస్తామన్నారు. సభలో అన్నమాట, ఇక తప్పరు,” అన్నాను.

మర్నాడు జిల్లా పేపర్లో కూడా వచ్చింది, నేను చెప్పినట్టే.

మరుసటి ఏడు సూర్రావు లంకలో డాబా కట్టాడు. అందాకా తాటాకు ఇల్లు. సిమెంటూ ఇనుమూ పడవల మీద చేరవేసుకుని, పైన స్లాబు వేసి, ముందు అరుగులు పెట్టి కట్టాడు. గృహప్రవేశానికి నన్ను పిలిచాడు. నన్నే రిబ్బను కత్తిరించమన్నాడు. వాళ్ళావిడ నాగమణి పాలు పొంగించి, మొదటి గ్లాసు నాకే ఇచ్చింది. ఆ గ్లాసు పట్టుకుని మొగుడూ పెళ్ళాలని పక్కకి పిలిచి చెప్పేస్తే సరిపోయేది. పాలు బాగున్నాయమ్మా అన్నాను.

ఆ తర్వాత ఎన్నికల్లో ఓడిపోయాను. రాయి రాలేదు. వరదలు వచ్చాయి. ఏరు ముందు వాళ్ళ అరటితోట తీసుకుంది, తర్వాత పశువుల పాక, తర్వాత ఒక వరదలో ఇంటి వెనక గోడ దాకా వచ్చింది. కబురు తెలిసి నేను వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు, చేసేదేమీ లేదు. సూర్రావు తలుపులూ కిటికీలూ ఊడదీసి పడవలో పెడుతున్నాడు. కన్నాలతో నిలబడిన ఆ ఇల్లు చూడలేక తల తిప్పుకున్నాను. అది గమనించి అతనే నన్ను ఓదార్చాడు. “తమరు బాధపడకండి. తమరు చెయ్యాల్సింది చేసేరు. పైవోళ్ళు చెయ్యలేదు, తమరేం చేత్తారు.” మేం చూస్తుండగానే వెనక గది ఒరిగింది. పెద్ద శబ్దమేమీ రాలేదు. ఎవరో పెద్దవాళ్ళు నీళ్ళలోకి దిగినట్టు నెమ్మదిగా దిగిపోయింది.

అప్పుడైనా చెప్పలేదు. ఇంకా ఘోరం, కథ మానలేదు. ఇల్లు పోయాకే రెండో గ్లాసు చేరిందేమో. నాకు నేను నచ్చచెప్పుకోవడానికా? అంతగా పోరాడినా దక్కలేదు అనిపించుకోవడానికా? కొన్నాళ్ళకి నాకే ఆ సభ కళ్ళముందు కనబడేది. చెమట కూడా కనబడేది.

ఈమధ్య ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర కుర్రాళ్ళు చుట్టూ చేరి మంత్రి కథ చెప్పమన్నారు. చెప్పాను. మూడో గ్లాసు దగ్గర ఒకడు, “తాతగారూ, మరీ మూడాండీ? కొంచెం తగ్గించండి,” అన్నాడు. అందరూ నవ్వుతున్నారు. గుమ్మం దగ్గర నుంచి ఒక గొంతు వినిపించింది. “ఆయ్, మూడే. ఎగతాళి చెయ్యకండి. మా బాబుగారు అడిగేరంటే అడిగేరంతే. మా ఊరికోసం అడిగేరు.”

సూర్రావు. ఖాకీ చొక్కా, చేతిలో కర్ర. ఆ ఫంక్షన్ హాలుకి వాచ్‌మేనట. అన్నేళ్ళుగా నా అబద్ధానికి కూడా కాపలా కాస్తున్నాడని నాకు తెలియదు. కుర్రాళ్ళు నవ్వు ఆపేశారు. అతను ఎంతో గర్వంగా నావైపు చూస్తున్నాడు.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. ఏటిగట్టుకి ఇవతల, ఒకే తీరున కట్టిన చిన్న ఇళ్ళ వీధి. సూర్రావు డ్యూటీకి వెళ్ళాడు. నాగమణి వసారాలో కూర్చుని ఎండురొయ్యల తలలు గిల్లుతోంది. కుర్చీ వేసింది. మంచినీళ్ళు ఇచ్చింది. గ్లాసు కింద పెట్టేశాను.

చెప్పాను. పెసరట్టు, స్పీకరు పెట్టె, నా పేరు రెండుసార్లు పిలవడం, చెయ్యి కడుక్కోవడం, అన్నీ. మీకు చెప్పినట్టు తిప్పి తిప్పి కాదు, తిన్నగా. “నేను లేచి అడిగి ఉంటే రాతికట్టు పడేది నాగమణీ. మీ ఇల్లు నిలబడేది. మీ లంక పోవడానికి కారణం నేను,” అన్నాను. ఆ మాట బయటపడ్డాక, సిగ్గులేకుండా చెబుతున్నాను, ఒళ్ళు తేలికైంది. తిడుతుందని చూశాను. ఏడుస్తుందని చూశాను. క్షమిస్తుందేమోనని కూడా, లోపలెక్కడో, చూశాను.

ఆవిడ చేతిలో రొయ్య తల గిల్లి పడేసి, ఇంకోటి తీసుకుంది.

“మీరడిగితే రాయి పడిపోయేదాండి? అంత లేదులెండి. మీకు ముందాయనా అడిగేరు, మీ తరవాతాయనా అడిగేరు. ఎవరికేం పడింది? మీరు అడగనందుక్కాదండి మా ఇల్లు పోయింది. అడిగేనని చెప్పినందుకు. ఆ ఏడే కలెక్టరాఫీసోళ్ళు వొచ్చి గట్టుకివతల స్థలాలిత్తాం, వొచ్చెయ్యండన్నారు. మా ఆయన మీ పేరు చెప్పి, మాకు రాయి పడతంది, అక్కర్లేదని తిప్పి పంపేసేడు. పుచ్చుకున్నోళ్ళ ఇళ్ళేనండి ఈ వీధంతా. ఇందులో మేం అద్దెకుంటన్నాం.”