నాయనమ్మ ఇసుకలో వేసిన వేరుశనగ

నా చిన్నప్పుడు, మేం హౌరా పక్కన టికియాపారా రైల్వే క్వార్టర్లలో ఉండగా, ఊళ్ళో తాతయ్య పోయారు. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డున ఒంటరిగా మిగిలిన మా నాయనమ్మను నాన్న తీసుకొచ్చారు. ఆమెకు ఇక్కడ ఏదీ నచ్చలేదు. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకునేది. వారానికోసారి మూట కట్టుకుని, ఊరెళ్ళిపోతానని కూర్చునేది.

మా ఇంటి వెనక పల్లాన్ని పూడ్చడానికి ఎప్పుడో గంగ ఇసుక పోశారు. పక్కింటి బెంగాలీ దాదా దాన్ని 'బేలే మాటి' అనేవారు. ఆ ఇసుక నేలలో ఏమీ పండదని ఆయన నమ్మకం. ఒకరోజు నాయనమ్మ ఆ మన్ను గుప్పెట పట్టి వేళ్ళ సందుల్లోంచి జార్చింది.

"మన చేను ఇలాగే ఉంటాది," అంది. మర్నాడే పేడ ఎరువు కలిపి వేరుశనగ గింజలు వేసింది. "కాయ కాస్తే ఉంటాను. లేదంటే హౌరాలో రైలెక్కించెయ్‌రా," అని నాన్నతో చెప్పింది.

ఆ మాట నా మనసులో పడిపోయింది. ఇసుకలో నీరు నిలవదని ఆమె చెప్పడంతో, బడికి వెళ్ళే ముందూ వచ్చాకా చెంబుతో పోసేదాన్ని. పసుపు పూలు పూశాయి. కొన్నాళ్ళకు అవి వాడి రాలుతుంటే ఇక కాయలు కాయవనుకున్నాను. అమ్మ కుట్టుపెట్టెలోంచి దారం తెచ్చి, ఏడుస్తూ, రాలిన పూలను కాడలకు కట్టసాగాను.

నాయనమ్మ వెనకే వచ్చి నిలబడింది. "ఏటే గుంటా, ఏటి చేస్తన్నావు?"

చెప్పాను. మా ఇంటికొచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు. పక్కన చతికిలబడి, నా వేలు పట్టుకుని మొక్క కింద ఇసుకలోకి దించింది. సన్నటి మొన ఒకటి తగిలింది.

"పువ్వు రాలినాక ఊడ నేల్లోకి దిగతాదే. కాయ కాసేది లోపల. ఇసక గుల్లగా ఉంటాది కాబట్టి సులువుగా దిగిపోతాది."

"మరి నువ్వు వెళ్ళిపోవుగా?"

ఆమె దారం ముక్కలు ఏరసాగింది. "కాయలు ఉడకేసి నీకెట్టొద్దేటి?" అంది.

పంట తీసిన రోజు మొక్క పట్టి లాగితే కాయలు గుత్తిగా వచ్చేశాయి. ఒక్క దులుపుకి ఇసుకంతా రాలిపోయింది. ఉడికిన కాయలు తింటూ దాదా తనకూ గింజలు కావాలన్నారు. నాయనమ్మ చివరిదాకా మాతోనే ఉంది.

ఆనాటి నుంచి, ఎవరైనా అంతా అయిపోయిందంటే నేను వెంటనే ఒప్పుకోను. మొన్న మనవరాలు ఉద్యోగం పోయి వచ్చి ఏడ్చింది. పక్కన కూర్చుని, అక్కడ ఏమేం నేర్చుకున్నావో చెప్పమన్నాను. చెబుతూ చెబుతూనే అన్నానికి లేచింది.