గసగసాల కొలాచీలు, నా అనుమానాలు

ఆ రోజుల్లో నేను అనుమానించని వస్తువు ఏదైనా ఉందా అని ఆలోచిస్తే ఒక్కటీ గుర్తు రావడం లేదు. హీటర్‌లోంచి వెచ్చని గాలి వస్తే, దాంతోపాటు ఇంకేం వస్తోందో అనుకునేదాన్ని. పాల డబ్బా మీద తేదీ చదివి, మూత తీసి వాసన చూసి, ముందు మా ఆయనకి ఒక గ్లాసు ఇచ్చి, కాసేపటికి కూడా ఆయన బాగానే ఉన్నారని తేలాక పిల్లకి పట్టేదాన్ని. (ఆ గ్లాసు ప్రేమకొద్దీ ఇస్తున్నానని ఆయన చాలాకాలం నమ్మారు.) కెమిస్ట్రీ చదివినదాన్ని కావడంతో నా భయాలన్నిటికీ పేర్లు కూడా తెలిసేవి.

డెబ్భైల చివర, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో కాపురం పెట్టిన కొత్త. మా పెద్దదానికి ఐదో నెల. పగలు దానికి కునుకన్నది లేదు. అలాంటి సమయంలో నాకు లైబ్రరీలో సగంపూట ఉద్యోగం దొరికింది. పిల్లని చూసుకుంటానని పక్క అపార్ట్‌మెంట్ పెద్దావిడ తనంతట తనే ముందుకొచ్చింది. ఆవిడ తాతముత్తాతలు చెక్ దేశం నుంచి టెక్సస్‌కి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. ఆవిడ రోజూ మధ్యాహ్నం కొలాచీలు చేసి వీధి చివరి బేకరీకి ఇచ్చేది. అవి అరచేతిలో పట్టేంత మెత్తటి గుండ్రటి బన్నులు, నడుమ గుంట చేసి తీపి ముద్ద పెడతారు. మేము ఆవిడకి కొలాచీ బామ్మ అని పేరు పెట్టుకున్నాం.

మొదటి రోజు నుంచే, నేను పని ముగించుకుని వెళ్ళేసరికి పిల్ల సోఫా మీద బుట్టలో హాయిగా నిద్రపోతూ ఉండేది. మరో తల్లి అయితే సంతోషించేది. నేను దాని ముక్కు కింద వేలు పెట్టి చూసేదాన్ని.

ఒకరోజు బామ్మ నల్లటి ముద్ద పెట్టిన కొలాచీ ఇచ్చింది. ఇంటికొచ్చి కొరికాను. గసగసాలు. నూరి, పాలూ పంచదారా పోసి ఉడికించిన గసగసాలు. పిల్లని చంకనేసుకుని మేడెక్కాను.

"అవి పెడితే పసిపిల్లలు మత్తుగా పడుకుంటారు కదుటే, మా అత్తగారు పాలల్లో రంగరించి పట్టేది," అంది మేడమీది వదిన తాపీగా. (ఈవిడ మా బంధువు కాదు, ఆ కాంప్లెక్స్‌లో ఉన్న రెండో తెలుగు ఇల్లు.) "నీ పిల్లకీ ఆవిడ అదే పడుతోందేమో చూసుకో."

రాత్రి మా ఆయనకి చెప్పాను. "పిల్ల ఏడిస్తే వర్రీ, పడుకుంటే వర్రీ. నువ్వెప్పుడు పడుకుంటావో చెప్పు, ఆ గసగసాలేవో నీకు తెప్పిస్తాను," అన్నారాయన. నేను నవ్వలేదు. అనుమానం నిజమైతే సోమవారమే ఉద్యోగం మానేస్తానన్నాను. ఆ ఉద్యోగం నాకెంత ఇష్టమో ఆయనకి తెలుసు.

శనివారం కొలాచీలు నేర్పమని బామ్మ ఇంటికి పిల్లతో సహా బయల్దేరాను. నేర్చుకోవడం నెపం, నిఘా అసలు పని. బామ్మ గోరువెచ్చని పాలల్లో ఈస్ట్ కలిపి అటు తిరగ్గానే, ఆవిడ నింపి పెట్టిన పిల్ల పాలసీసా తీసి నోట్లో పెట్టుకుని రెండు గుక్కలు పీల్చాను. పాలే. ఇంకో గుక్క పీలుస్తుండగా బామ్మ ఇటు తిరిగింది. ఒక క్షణం చూసి, "కాఫీ కూడా ఉంది, హనీ," అంది.

తర్వాత, ఏడుపు అందుకున్న పిల్లని బుట్టలో పడుకోబెట్టి, వంటింటి బల్ల మీద గోడకి ఆనించి పెట్టింది. బల్ల అంచుకి బిగించిన చేతిమరలో గసగసాలు పోసి తిప్పింది. బల్ల సన్నగా వణికింది. పిల్ల ఏడుపు ఆపి పైకప్పు చూసింది. ఇక పిండి పిసకడం మొదలుపెట్టింది. ముందుకు ఒక తోపు, వెనక్కి ఒక మడత. పాత బల్ల కిర్రుమంటూ ఊగుతోంది, దాంతో బుట్ట ఊగుతోంది. పిండి నునుపు తేలేలోగా పిల్ల కళ్ళు మూతపడ్డాయి. నా వేలు అలవాటుగా దాని ముక్కు కిందకి వెళ్ళింది.

పిండి మీద తడిగుడ్డ కప్పి, పొంగేదాకా ఆగమంది బామ్మ. నేను ఆగలేక గుడ్డ ఎత్తి చూశాను. మళ్ళీ చూశాను. మూడోసారికి ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"హనీ, నీ డౌట్ పిండి మీదా, నా మీదా?"

"పిండి మీదే," అన్నాను.

"అయితే సరే. పిండి ఏమీ అనుకోదు."

సోమవారం పనికి వెళ్ళాను. సెలవురోజుల్లో మా బల్ల మీదా బుట్ట పెట్టి పిండి పిసికేదాన్ని. చపాతీ పిండి ఇలా మొదలై అలా అయిపోయేది, పిల్ల కళ్ళు తెరుచుకునే ఉండేవి. కొలాచీ పిండికే లొంగేది. దాంతో ఇల్లంతా కొలాచీలే. మా ఆయన బెల్టుకి కొత్త చిల్లులు పడ్డాయి. నా వాటాగా కొబ్బరి లౌజు పెట్టి చేసినవి బామ్మకి తీసుకెళితే, ఆవిడ ఒకటి చీల్చి, వాసన చూసి, "ఇందులో ఏం వేశావు? సబ్బు వాసన వస్తోంది," అంది. ఏలకులని ఎంత చెప్పినా నేను ముందు తినేదాకా ముట్టుకోలేదు. అప్పటినుంచి ఆవిడంటే నాకు ప్రాణం.

ఇప్పుడా పిల్ల బడికి వెళుతోంది. రేపు దాని క్లాసుకి కొలాచీలు కావాలట. పిండి కలిపి గుడ్డ కప్పి ఇది రాయడానికి కూర్చున్నాను. మధ్యలో రెండుసార్లు లేచి గుడ్డ ఎత్తి చూశాను, పిండి ఏమీ అనుకోలేదు. వెళ్ళి పిల్ల దుప్పటి కూడా కాస్త తొలగించి, ముక్కు కింద వేలు పెట్టాను.

"అమ్మా, ఐ యామ్ స్లీపింగ్," అంది అది, కళ్ళు తెరవకుండానే.