మొదటినుంచి మేడమ్

మా విశ్వవిద్యాలయంలో పాత సినిమాలు భద్రపరిచే విభాగానికి అధిపతి అయిన మేడమ్, ఏ సినిమానీ ముక్కగా చూపించరు. రెండు నిమిషాల దృశ్యం చాలు మహాప్రభో అన్నవాడికైనా సరే, పేర్లు పడే దగ్గర్నుంచి ‘సమాప్తం’ దాకా చూపించే పంపుతారు. అందుకే అందరం ఆవిణ్ణి ‘మొదటినుంచి మేడమ్’ అంటాం. ఎదురుగా మాత్రం ఒట్టి ‘మేడమ్’.

“లైబ్రరీకి వెళ్లి నలభయ్యో పేజీ చింపి ఇమ్మంటారా?” అని ఆవిడ వాదన.

కట్టడాల శాఖవాళ్లు పాతకాలపు మెట్ల వరస ఒకటి చూసిపోదామని వచ్చారు. ఆ మెట్లు రావాలంటే ముందు ఒక కోర్టు కేసు, మూడు ఏడుపు పాటలు దాటాలి. దాటారు. భాషాశాస్త్రం ఆయన ఒకే ఒక్క మాట వెనకటివాళ్లు ఎలా పలికేవారో వినడానికి వచ్చి, విలన్ చచ్చేదాకా కదల్లేకపోయాడు.

“విన్నారా?” అని అడిగాను.

“విన్నాను గానీ, ఆ వెధవ చేసిన మోసానికి ఒళ్లు మండి మర్చిపోయానండీ. రేపు మళ్లీ రావాలి.”

నేను చరిత్ర చెబుతాను, అదీ ఆవిడ సినిమాలు వేసే హాల్లోనే. నా క్లాసు గంట, ఆవిడ సినిమా రెండున్నర. మా ఇద్దరికీ ఎన్నడూ పొసగలేదు.

ఇలా ఉండగా మా శాఖలో పరిశోధన చేసే అమ్మాయి ఒకతె కళ్లనీళ్లతో నా గదికి వచ్చింది. పాత నేతమిల్లులో, యంత్రాల హోరులో మాట వినపడక ఆడవాళ్లు చేతి సైగలతో మాట్లాడుకునేవారట. అదీ ఆమె విషయం. ఆధారం లేదు, విషయం మార్చుకోమంది కమిటీ. ఆధారం మేడమ్ దగ్గరున్న ఒక డాక్యుమెంటరీలో ఉంది. ఆమె గైడుగారేమో ఏది చెప్పినా ‘చూద్దాం’ అనేవాడే తప్ప ఏనాడూ చూసిన పాపాన పోలేదు.

నేనే వెళ్లి బతిమాలాను. “ఆ రెండు నిమిషాలూ కాపీ చేసివ్వండి మేడమ్. ఆయన బల్లమీద పెడతాను.”

“ముక్క ఇవ్వను. ఆయన్నే రప్పిస్తాను,” అని అక్కడికక్కడే ఫోన్ చేశారు. “ఏమండీ, రెండు నిమిషాల పని. ఒకసారి వస్తారా?”

పాపం, ఆయన పోయినేడు చేరినవాడు, ఆవిడ సంగతి ఎరగడు. నమ్మాడు.

గుమ్మం దగ్గరే ఆయన ఫోన్ పుచ్చుకుని, అప్పటికే వచ్చి కూర్చున్న అమ్మాయి పక్క కుర్చీలో కూర్చోబెట్టి, దీపాలార్పి, మొదటినుంచి మొదలుపెట్టారు మేడమ్. తర్వాతి గంట నా క్లాసుది కాబట్టి నేను వెనకవరసలో ఉన్నాను. పత్తి వచ్చింది. నూలు వచ్చింది. యజమాని ఉపన్యాసం వచ్చింది, పోనంది. గైడుగారు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నారు. చివరికి మగ్గాల మధ్య ఇద్దరాడవాళ్లు చేతులు తిప్పుతూ కనిపించారు.

“ఏం చేస్తున్నారు వాళ్లు?” అన్నారాయన, ఆవలింత మధ్యలో.

“మాట్లాడుకుంటున్నారండి,” అంది అమ్మాయి. “బొటనవేలు గడ్డానికి తాకిస్తే మేస్త్రీ వస్తున్నాడని. అదుగో, వచ్చాడు!”

నిజంగానే తెరమీదికి మేస్త్రీ వచ్చాడు. ఆయన కుర్చీలో ముందుకు జరిగారు.

“ఆ రెండో సైగకి అర్థం?”

“వాడికి బుర్ర లేదని.”

ఆయన పకపకా నవ్వారు. “నీకెలా తెలుసు?”

“మిల్లులో పనిచేసిన పెద్దావిడ నేర్పించారండి.”

“మరి ఇదంతా రాయవేం?”

“రాశానండి. మీ బల్లమీదే ఉంది.”

“ఎప్పుడిచ్చావు?”

“చలికాలంలో.”

ఎండలు మండిపోతున్న రోజులవి. ఆయన అమ్మాయి వైపు తిరిగి, “కమిటీతో నేను మాట్లాడతాలే. నువ్వు ముందు ఆ మూడో సైగ సంగతి చెప్పు,” అన్నారు.

సినిమా అయిపోయినా ఇద్దరూ లేవలేదు. మేడమ్ దీపాలు వేసి, నన్ను చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చారు.

“ముక్క ఇచ్చుంటే ఆ బల్లమీద అదీ పడుండేది,” అన్నారు నెమ్మదిగా. “జనాన్ని పక్కపక్కన కూర్చోబెట్టడం కష్టమయ్యా. కూర్చుంటే మాటలు వాటంతటవే వస్తాయి.”

“బాగానే ఉంది గానీ మేడమ్, బయట నా పిల్లలంతా నిలబడున్నారు. నా క్లాసు?”

“రేపు చెప్పుకో,” అన్నారు తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేస్తూ. “ఇవాళ లోపల క్లాసు జరుగుతోంది.”