పండుగ దాకా ఆపే మాత్రలు

2022 ఆషాఢం. మేడ్చల్‌లో నా క్లినిక్‌కు బోనాల ముందు వచ్చే ఆడవాళ్లలో చాలామందికి జబ్బేమీ ఉండదు. నెలసరిని వాయిదా వేసే మాత్రలు కావాలి, అంతే. అవి హార్మోన్ మాత్రలు. వేసుకున్నన్నాళ్లూ గర్భాశయం లోపలి పొర, అంటే ఎండోమెట్రియమ్, ఊడిపోకుండా నిలుస్తుంది. ఆపగానే రక్తస్రావం మొదలవుతుంది. మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతాయి. దేవత ముందు నిలబడటానికి ఆడదాని ఒంటికి మందు పెట్టి నోరు మూయించడాన్ని భక్తి అనడానికి నాకు మనసొప్పదు.

ఆ రోజుల్లోనే షామీర్‌పేట పక్క ఊరి నుంచి స్వప్న వచ్చింది. ముప్పై లోపు వయసు.

"మేడం, ఉగాది కాన్నుంచి బ్లీడింగ్ అయితాంది. గోలీ ఏసుకుంటే ఆగుతది, బంద్ జేస్తే మళ్ల షురూ. బోనాల దాంక గట్టిగ ఆగేటట్టు రాయుండ్రి."

కింది కనురెప్ప లాగి చూశాను. ఎర్రగా, నిండుగా ఉంది. గోళ్లు కూడా గులాబీ రంగులో ఉన్నాయి. నెలల తరబడి రక్తం పోయిన మనిషి ఇలా ఉండదు.

"స్వప్నా, రక్తం పోతున్నది ఎవరికి?"

ఆమె తలుపు వైపు చూసింది. "బయట కూసున్నది మేడం. మా అత్తమ్మ. నాకు తోడొచ్చినట్టు వచ్చింది."

పిలిస్తే యాదమ్మ లోపలికి వచ్చింది. యాభై దాటిన మనిషి. ముఖం పాలిపోయింది. తలుపు నుంచి కుర్చీ దాకా నడిచేసరికే ఆయాసం. నెలసరి ఆగిపోయి మూడేళ్లయిందట.

"నాకేం గాలే డాక్టరమ్మా. జెర వేడి జేసింది. ముట్టు నిలిచినంకనే మా వాడకట్టు తొలిబోనం నా నెత్తికచ్చింది. మళ్ల అయితాందని తెలిస్తే నలుగురి ముంగట బోనం దించుతరు."

"నీ ముట్టు నా పేరు మీద జెప్పి, ఉగాది కాన్నుంచి నన్ను వంటింట్లకే రానియ్యలే!" అంది స్వప్న.

"మస్తు రెస్టు దొరికె గద నీకు," అంది అత్త.

నవ్వొచ్చింది. ఆ వెంటనే భయం వేసింది. నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనబడినా దాన్ని పోస్ట్ మెనోపాజల్ బ్లీడింగ్ అంటాం. చాలాసార్లు కారణం చిన్నదే. కొన్నిసార్లు క్యాన్సర్. ఏదో తేల్చకుండా వదలకూడదు. మాత్రలు ఇన్నాళ్లూ చేసింది వైద్యం కాదు. కారణాన్ని తాకకుండా గుర్తును మాత్రం చెరిపేశాయి.

స్కాన్‌లో ఎండోమెట్రియమ్ ఉండాల్సిన దానికంటే చాలా మందంగా కనిపించింది. అక్కడి నుంచి చిన్న ముక్క తీసి ల్యాబ్‌కు పంపాలి. అదే బయాప్సీ.

"పండుగ ఎల్లినంక జేపిచ్చుకుంట," అంది యాదమ్మ.

"అప్పటికి ఆలస్యమైతే?"

"అమ్మ సూసుకుంటది."

నేను ఊరుకోలేదు. నీ పిల్లలు పెరిగింది ఈ పొరలోనే కదా, ఇందులో మైల ఎక్కడిది, నువ్వు మొక్కే అమ్మ కూడా ఆడదే కదా అని వాదించాను. సభల్లో చప్పట్లు పడే మాటలివి. యాదమ్మ గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చుంది.

స్వప్న లేచింది. "తొలిబోనం నేనెత్తుత. నువ్వు పరీక్ష జేపిచ్చుకో."

"అగో! పండుగనాడు నీకు ముట్టయితే?"

"అయితే అయితది. ఇన్నొద్దులు నీది నేను మోసిన. నాది నేను మొయ్యలేనా?"

యాదమ్మ కోడలి వైపు తిరిగి తలూపింది. "నువ్వైతే గోలీలు మింగకు," అంది.

బయాప్సీ చేశాను. రిపోర్టు కోసం ఎదురుచూసిన రోజుల్లో స్వప్న పొద్దున్నే ఫోన్ చేసేది. "వచ్చిందా మేడం?" రాలేదని చెప్పి పెట్టేశాక నాకు ఏ పనీ సాగేది కాదు. మాత్రల చాటున పోయిన నెలల్లో లోపల ఏం జరిగి ఉంటుందో ఆమెకు తెలియదు, నాకు తెలుసు.

కణాలు క్యాన్సర్ వైపు మళ్లడం మొదలుపెట్టాయి, క్యాన్సర్ ఇంకా కాలేదు. రిపోర్టు సారాంశం ఇదీ. సికింద్రాబాద్‌లో ఒక పెద్దాసుపత్రిలో రక్తం ఎక్కించి గర్భాశయం తీసేశారు. తీసినదాన్ని పరీక్షించినా క్యాన్సర్ కనబడలేదు. యాదమ్మ ఆసుపత్రి మంచం మీద ఉండగానే ఊళ్లో బోనాలు జరిగాయి.

తర్వాత ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు.

"ఇగ గర్భసంచే లేదు. మైల పీడ వోయింది డాక్టరమ్మా!" అంది యాదమ్మ. నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోపు స్వప్న అందుకుంది.

"పండుగనాడు నాకు అయ్యింది మేడం. బోనం మాత్రం దించలే."

నేను యాదమ్మ వైపు చూశాను.

"నాకెరుకే. గా రోజే ఫోన్ల జెప్పింది," అందామె తాపీగా. "ఏంగాలే. వానలు గూడ మంచిగనే వడ్డయి."

మైల మీద ఎన్నో వేదికలెక్కి మాట్లాడాను. యాదమ్మను కదిలించింది నా తర్కం కాదు, కోడలు నెత్తిన పెట్టుకున్న కుండ. ఆమె రక్తాన్ని దాచింది తెలియక కాదు, నలుగురిలో తన చోటు పోతుందన్న భయంతో. అందుకే ఇప్పుడు వాయిదా మాత్రలు అడిగినవాళ్లకు ముందుగా మందు గురించి చెప్పను. తోడు వచ్చినవాళ్లను కూడా లోపలికి పిలిచి, వాళ్ల కనురెప్పలు కూడా చూస్తాను.