హారతి పళ్లెంలో పారితోషికం

అడిగితే పోయేది పరువు, అడక్కపోతే పోయేది అద్దె గది. ఏ పత్రికలోనూ ఉద్యోగం లేకుండా, వ్యాసానికింత అని రాసుకుంటూ ఫిల్మ్ నగర్‌లో నేను బతికిన ఆ రోజుల సారమంతా ఈ ఒక్క ముక్కలో ఉంది. రాసింది అచ్చయితే డబ్బులొస్తాయని లోకం అనుకునేది. అచ్చయినా రావన్నది మాకు మాత్రమే తెలిసిన వృత్తి రహస్యం. రాని డబ్బుల కోసం తిరిగి తిరిగి మాలో ఒకడు జుట్టంతా ఊడగొట్టుకున్నాడు. (నాదీ ఊడింది గానీ అది వయసు వల్ల. ఆ పద్దు వేరు.)

నేను రాసేది ఒక సినిమా వారపత్రికకు. దానికి యజమాని, సంపాదకుడు, అప్పుడప్పుడూ సినిమాలు తీసే నిర్మాత అన్నీ ఒక్కరే. అందరూ ఆయన్ని గురువుగారు అనేవారు. ఇచ్చే చేతికి దండం పెట్టినవాళ్లు లోకంలో కొల్లలు. ఇవ్వని చేతికి దండం పెట్టినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. జూబ్లీ హిల్స్‌లో కొండరాళ్లు తొలిచి కట్టిన ఆయన ఇంట్లో, గేటు నుంచి హాలు దాకా నడిచేసరికి మనిషి తానెందుకొచ్చాడో మరిచిపోతాడు. గుర్తుపెట్టుకుని వెళ్లినా లాభం లేదు. "రావయ్యా తమ్ముడూ, నీ గురించే చెబుతున్నాను వీళ్లకి!" అంటూ నా వ్యాసం తెరిచి, అక్కడున్న హీరోలకూ దర్శకులకూ గొంతెత్తి చదివి వినిపించేవారు. "ఆమె నవ్విందంటే సెట్లో లైట్లు ఆర్పేయొచ్చు అన్నాడు చూడండి! ఏం రాశాడండీ!" అనగానే పెద్దపెద్ద తలలన్నీ ఊగేవి. నా కళ్లలో నీళ్లు తిరిగేవి. అంతలో నెయ్యి ఓడుతున్న పెసరట్టు ఉప్మా వచ్చేది. నోట్లో పెసరట్టు ఉన్నవాడు డబ్బులెలా అడుగుతాడు? అది మింగి గొంతు సవరించుకునేలోపు, "ఎండలో ఏం పోతావు, మన కారు దింపేస్తుందిలే" అని డ్రైవర్‌ని కేకేసేవారు. అంతే, నేను కార్లో ఉండేవాణ్ణి. ఆయన నోట 'లేదు' అన్న మాట ఎన్నడూ వినలేదు. బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అనుకునే జాతి మనది. ఆ జాతికి ఆయన చక్రవర్తి.

నా కొంప ముంచింది ఆ కారే. దాని పొడుగు ఎంతంటే, ముందు చక్రాలు షేక్‌పేటలో నా అద్దె గది ఉన్న గల్లీ చేరినా వెనక చక్రాలింకా జూబ్లీ హిల్స్‌లోనే ఉండేవి. (నమ్మనివాళ్లు మా గల్లీలో ఎవరినైనా అడగొచ్చు.) ఆ గల్లీలోనే మా ఇంటి ఓనరమ్మ, కొంగు నడుముకు చుట్టుకుని, గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండేది.

"ఏంది బిడ్డా, రాజు లెక్క కార్ల దిగుతవ్, కిరాయి అడిగితే గోడలు చూస్తవ్? మూడు నెలలాయె!"

"ఆ కారు నాది కాదమ్మా."

"నాకెర్క లేదా! గసొంటి కారెక్కెటోనికి పైసలుంటయ్ గదా? వచ్చే నెలకెల్లి ఐదు వందలు ఎక్కువియ్యి."

అంటే నాకు రావలసింది ఇవ్వకుండానే నా అద్దె పెంచిన మహానుభావుడన్నమాట మా గురువుగారు. ఇక దాచి లాభం లేదని ఉన్న సంగతంతా చెప్పేశాను. ఆమె బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "పాలు పోసినోనికి ఇస్తం, ఇస్త్రీ చేసినోనికి ఇస్తం, రాసినోనికి ఇయ్యరా? గిదేం దందా? నడువ్, నేనడుగుత."

మర్నాడు ఆమె వెనకాలే వెళ్లాను. లోపల కొంచెం సంబరంగానే ఉంది. అడగడంలో ఆరితేరిన మనిషికీ ఇవ్వకపోవడంలో ఆరితేరిన మనిషికీ పోటీ, చూసేది నేనొక్కణ్ణే! మా ఇంటి ఓనరమ్మ అని నేను చెప్పగానే గురువుగారు లేచి నిలబడ్డారు. "అమ్మగారా! రండి, రండి!" అన్నారు. పెసరట్టు వచ్చింది. ఆమె దాన్ని పక్కకు జరిపింది. (ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ చేయని సాహసం.) నోరు తెరిచి "సారూ" అనబోయింది. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, రెండు చేతుల వేళ్లతో చట్రం కట్టి, అందులోంచి ఆమె ముఖం చూస్తూ, "ఏమయ్యా, ఈ ముఖాన్ని ఇన్నాళ్లూ షేక్‌పేటలో దాచావా? అమ్మా, మా కొత్త సినిమా ముహూర్తపు షాట్‌లో హీరోకి హారతి ఇచ్చేది మీరే. కాదనకండి" అన్నారు.

సినిమా మొదలుపెట్టే రోజు, మంచి ఘడియ చూసి తీసే తొలి షాట్ అది. ఓనరమ్మ చేయి తనంతట తనే పెసరట్టు వైపు వెళ్లింది.

తిరిగొచ్చేటప్పుడు కారు సీటును అరచేత్తో నిమురుతూ, "సారు దేవుడసొంటోడు బిడ్డా. నీకే అడగొస్తలేదు" అంది. గల్లీ మొదట్లోకి రాగానే తేరుకుంది. "సినిమా సినిమానే, కిరాయి కిరాయే. ముహూర్తం దాంక ఆగుత. ఆ దినం గూడ పైసలు రాకుంటే నీ సామాను బయటుంటది."

ముహూర్తం ఫిల్మ్ నగర్ గుళ్లో. పట్టుచీరలో ఓనరమ్మ వెలిగిపోతోంది. పంతులుగారు దేవుడికిచ్చి తెచ్చిన హారతి పళ్లెం ఆమె చేతుల్లో పెట్టారు. "విజయం నీదే నాయనా" అనాలి, అంతే. ఆ ఘడియలో అక్కడ ఎవరూ చెడ్డ మాట అనకూడదు. లేదు, కాదు, ఆగు అన్నారంటే ఆ సినిమా పెట్టెల్లోంచి బయటికి రాదని అందరి నమ్మకం. కెమెరా తిరిగింది. క్లాప్ పడింది. ఓనరమ్మ హీరోను వదిలేసి, కెమెరా పక్కనున్న గురువుగారి వైపు తిరిగింది.

"సారూ, శుభమా అని అడుగుతున్న. ఈ పోరని పైసలు ఇస్తవా?"

గుడి మొత్తం బిగుసుకుపోయింది. గంట కొడుతున్నవాడి చెయ్యి గాల్లోనే ఆగింది. గురువుగారు డ్రైవర్ కోసం అటూ ఇటూ చూశారు. జీవితంలో మొదటిసారి ఆయన్ని ఎవరో మూలకు నెట్టారు. "ఇస్తున్నానమ్మా!" అన్నారు.

"గట్లయితే పళ్లెంల వెయ్యి."

ఆయన జేబులోంచి నోట్ల కట్ట తీశారు. నాకు రావలసినదంతా, అణా పైసలతో సహా, హారతి పళ్లెంలో పెట్టి కళ్లకద్దుకున్నారు. విలేకరులంతా చప్పట్లు కొట్టారు. ఓనరమ్మ నావైపు చూసి కళ్లెగరేసి, హీరోకి హారతిచ్చి, తన మాట గొప్పగా చెప్పింది. ఒకే టేక్‌లో ఓకే. నేను పళ్లెం దగ్గరికి పరిగెత్తుకెళ్లి చెయ్యి చాచాను.

పంతులుగారు చిరునవ్వుతో పళ్లెం అందుకుని గర్భగుడిలోకి వెళ్లిపోయారు. హారతి పళ్లెంలో పడింది పంతులుగారిదే కదా! ఆంధ్రా అయినా తెలంగాణ అయినా, తెలుగు పుట్టుక పుట్టినవాడెవడూ దాన్ని వెనక్కి అడగడు. తర్వాత తెలిసింది, గురువుగారు పంతులుగారికి పోయిన సినిమా దక్షిణ కూడా బాకీ ఉన్నారట. ఒక్క కట్టతో రెండు బాకీలు తీర్చేశారు, ఒక్క చెడ్డ మాట అనకుండా! నేను అక్కడే, అందరి ముందూ, ఆయన కాళ్లకు దండం పెట్టాను. అది వెటకారం కాదు, ఒట్టు. హిమాలయాల ముందు నిలబడ్డవాడు ఇంకేం చేస్తాడు?

గుడి మెట్ల మీద ఓనరమ్మ పట్టుచీర సర్దుకుని కూర్చుంది. తర్వాత నెమ్మదిగా, "గీయన మామూలు మనిషి గాదు బిడ్డా. పళ్లెంల వెయ్యుమన్నది నేనే. పాత కిరాయి నా మీదనే పోనీ. ఐదు వందలు గూడ ఎక్కువియ్యకు" అంది. ఆ ఏడాది నా రాతకు ముట్టిన పారితోషికం అదొక్కటే. అదీ రాయించుకున్నవాళ్లు ఇచ్చింది కాదు.

మొన్న ఒక వెబ్‌సైట్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, "సర్, ఆర్టికల్ తర్వాత పంపండి, పేమెంట్ ముందే వేసేస్తాం" అంది. అన్నట్టే వేసింది కూడా. ఫోన్ పక్కన పెట్టి, తెల్లకాగితం ముందు కూర్చున్నాను. ఒక్క ముక్క రాదే! ముందే డబ్బిచ్చేసినవాళ్లకు ఎలా రాయాలో ఈ వయసులో ఎవరి దగ్గర నేర్చుకోను?